చాంద్ మియా చెప్పిన గురువారం

ఆగస్టు 12, 1973. ఆదివారం

నాచారం గ్రామ కాపురస్తులకు, కోళ్లకు, కోడిపిల్లలకు, బామ్మర్దులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: నేటి నుండి మా పెరటి రేకుల షెడ్డులోని జనరేటర్ మీద వడియాలు ఎండబెట్టరాదు. దాని సైలెన్సర్ మీద తడి బట్టలు ఆరవేయరాదు. దాని పెట్రోలు మూత తీసి వాసన చూసి కళ్లు మూసుకొనరాదు. నల్లకోడి దాని కింద గుడ్డు పెట్టరాదు. పెట్టినచో ఆ గుడ్డు సర్కారు పరమగును. సర్కారు అనగా ఆగయ్య అను నేను. హుకుం.

దీన్ని షెడ్డులో నిలబడి గట్టిగా చదివాను. నల్లకోడి విన్నది. నా భార్య రుక్కమ్మ వినలేదు.

కోపం దిగలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. నాది ఏడో తరగతి దాకా ఉర్దూ చదువు. తెలుగు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నది. తప్పులున్నా పట్టేవాళ్లు లేరు, రుక్కమ్మకు చదువు రాదు. ఇందులో రాసేదంతా నిజమే.

పోయిన నెల పొదుగుపెట్టెలో గుడ్లన్నీ చచ్చాయి. రుక్కమ్మ రాజేంద్రనగర్ పోయి కోళ్ల పని నేర్చుకుని, కరెంటు వేడితో గుడ్లు పొదిగే చెక్కపెట్టె ఒకటి తెచ్చుకుంది. వాడకట్టు ఆడవాళ్లు తమ గుడ్లు తెచ్చి ఇస్తారు. ఎవరి గుడ్డుకు వాళ్ల గుర్తు. ఒకరిది బొగ్గు గీత, ఒకరిది కుంకుమ బొట్టు. పిల్లలు లేచాక కొన్ని రుక్కమ్మకు వదిలి మిగతావి పట్టుకుపోతారు. పోయిన నెల కరెంటు పోయింది, జనరేటర్ లేవలేదు. కృష్ణమ్మ తన గుడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి చూసి, ఏమీ అనకుండా పోయింది. ఆ అనకపోవడమే రుక్కమ్మను తినేసింది. ఇంకొక్కసారి పెడుతుందట. ఈసారి కూడా మురిగితే పెట్టె అమ్మేసి మల్లాపూర్ ఫ్యాక్టరీకి డబ్బాలు సర్దడానికి పోతుందట. అన్నంత పనీ చేసే మనిషి.

జనరేటర్ ఎందుకు లేవలేదో నాకు తెలుసు. అది ఒకప్పుడు టూరింగ్ టాకీసును నడిపిన ఇంజను. టాకీసు మూతపడితే మా ఇంటికి వచ్చింది. పెట్రోలుతో లేస్తుంది, వేడెక్కాక కిరసనాయిలు తాగి నడుస్తుంది. ఆపే ముందు మళ్లీ కాసేపు పెట్రోలు తాగించాలి. లేకపోతే గొంతులో కిరసనాయిలే నిలిచిపోయి, చల్లబడ్డాక తాడు ఎంత లాగినా దగ్గడం తప్ప లేవదు. నా బామ్మర్ది బిక్షపతి పెట్రోలు మిగులుతుందని కిరసనాయిలు మీదనే ఆపేశాడు. ఎన్నిసార్లు చెప్పానో.

ఆగస్టు 14

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. వారానికోసారి ఇంజను లేపాలి, ఊరికే మోగించకుండా పొదుగుపెట్టె తీగను దానికి తగిలించి ఆ బరువుతో నడపాలి, ఆపే ముందు పెట్రోలుకు తిప్పాలి, నల్లబడ్డ నూనె దింపి కొత్తది పోయాలి. బిక్షపతి నవ్వాడు. వాడి వెనక కృష్ణమ్మ నవ్వింది. మేడ మీద అద్దెకున్న రైల్వేవాళ్ల ఛాయాదేవిగారు మెట్ల మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వులాటకు చెప్పలేదు అన్నాను. మళ్లీ నవ్వారు.

రుక్కమ్మ ఒక్కతే నవ్వలేదు. "నువ్వు చెప్పేది నిజమో పరాష్కమో ఎట్ల తెల్వాలె? పోయినసారి పిల్లలు లేచినయని కేకేస్తివి. నాటేసుకుంట ఉన్నదాన్ని, బురదకాళ్లతోని ఉరికొస్తిని. పెట్టెల గుడ్డు గుడ్డు తీరే ఉన్నది."

అది నిజమే. ఆమె ఎలా పరిగెత్తిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పోయిన బతుకమ్మకు ఫ్యూజు పీకిందీ నేనే. కానీ అది వేరు, ఇది వేరు. ఎందుకు అర్థం కాదు వీళ్లకు?

ఆగస్టు 16

మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు.

ఆగస్టు 21, మంగళవారం

సికింద్రాబాదు రాణిగంజ్ పోయి వచ్చాను. ఇంజన్ల సామాను అమ్మే గల్లీలో చాంద్ మియా అనే ముసలి మేస్త్రి ఉన్నాడు. నిజాం కాలం నుంచి ఇంజన్లే ఆయన పని. కుడి పక్కన ఒక పన్ను బంగారంది, నవ్వితే ఎండకు మెరుస్తుంది. నా మాట మొత్తం విని, పాన్ ఉమ్మి, చెప్పాడు. పని చేసి చచ్చే ఇంజన్లకంటే పని లేక చచ్చేవే ఎక్కువట. వారానికోసారి, గురువారం నాడు, లేపి బరువు వేసి నడపాలట. ఆపే ముందు పెట్రోలు తాగించాలట. నల్లబడ్డ నూనె మీదనే కొత్త నూనె పోయకూడదట, పాతది మొత్తం దింపి పోయాలట.

ఇంటికొచ్చి ఇదే చెప్పాను. రుక్కమ్మ చేతిలో చాట కింద పెట్టి విన్నది. గురువారమే ఎందుకట అని అడిగింది. పెద్దమనిషి, ఊరికే అనడు కదా అన్నాను. తల ఊపింది. బిక్షపతి కూడా ఊపాడు.

అచ్చంగా నేను చెప్పినవే. ఒక్క ముక్క తేడా లేదు, గురువారం తప్ప.

ఆగస్టు 23, గురువారం

నడిపాము. బిక్షపతి తనంతట తనే పెట్రోలుకు తిప్పాడు. "చాంద్ మియా చెప్పిండు గద బావ" అన్నాడు. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను, లేకపోతే ఏదైనా విసిరేవాడిని.

ఆగస్టు 30

పాత నూనె దింపాను. తారులాగా ఉంది. రుక్కమ్మ దాన్ని మంచం నల్లులకు పట్టించింది. నల్లులు చావలేదు, నా వీపు నల్లబడింది. చాంద్ మియాకు చెప్పకు, నవ్వుతాడు అంది. నా వీపును చూసి ఆమె నవ్వింది కదా, దానికి ఎవరి అనుమతి అక్కర్లేదా?

సెప్టెంబర్ 6

వాన. షెడ్డు కారుతోంది. ఇంజను మీద గోనెసంచి కప్పవద్దు, తేమ లోపలే ఉండిపోతుంది, పైన రేకు వాల్చండి అన్నాను. ఎవరూ కదల్లేదు. చాంద్ మియా మొన్న ఆ మాట కూడా అన్నాడు, మర్చిపోయాను అన్నాను. ముగ్గురు కలిసి రేకు మోసుకొచ్చారు. తడిసి ముద్దయిన కృష్ణమ్మ, అంత తెలివైన మనిషి మన వాడకట్టులో ఒక్కడుంటే ఎంత బాగుండేది అన్నది. నా మొహం మీదనే.

సెప్టెంబర్ 15, శనివారం

గుడ్లు పెట్టెలో పెట్టారు. ఇరవయ్యొక్క రోజుల లెక్కన దసరాకు పిల్లలు లేవాలి. కృష్ణమ్మ ఈసారి అందరికంటే ఎక్కువ తెచ్చింది. రుక్కమ్మ వాటిని తీసుకునేటప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. ఛాయాదేవిగారు గుడ్డు ముట్టరు, వాళ్లింట్లో ఆ మాటే అనరు. అయినా గుమ్మం బయట నిలబడి అన్నీ చూశారు.

సెప్టెంబర్ 20

పొద్దున కరెంటు పోయింది. తాడు లాగగానే ఇంజను లేచింది. ఒక్క లాగుకే. రుక్కమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకనుకున్నాను. సికింద్రాబాదు దిక్కుకు పెట్టింది.

"ఆగయ్యగారూ, మీ చాంద్ మియాగారిని ఒకసారి భోజనానికి పిలవకూడదూ? మావారు కూడా చూడాలంటున్నారు" అన్నారు ఛాయాదేవిగారు.

ఆయన ఎక్కడికీ రాడు అన్నాను.

సెప్టెంబర్ 25, మంగళవారం

రుక్కమ్మ నా మాట వినకుండా బిక్షపతిని రాణిగంజ్ పంపింది. కొత్త ప్లగ్గు తేవాలి, చాంద్ మియాను దసరాకు పిలవాలి. పొద్దున పోయినవాడు పొద్దుగూకాక వచ్చాడు. ప్లగ్గు తెచ్చాడు. చాంద్ మియాను కలిశానన్నాడు. మనిషి చాలా మర్యాదస్తుడట, ఛాయ్ తాగించాడట, పండుగకు వీలుపడదన్నాడట.

అబద్ధం. వాడు సినిమాకు పోయాడు. జేబులో చింపిన టికెట్టు ముక్క ఉంది.

రుక్కమ్మ అడిగింది, బంగారు పన్ను చూశావా అని. చూశాను, మెరిసింది అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను నోరు మెదపలేదు. ఎంత కష్టమో నాకే తెలుసు.

సెప్టెంబర్ 27

నడిపాము. బాగానే ఉంది. బిక్షపతి ఇప్పుడు నాకే చెబుతున్నాడు, బెల్టు మీద చెయ్యి పెట్టవద్దని చాంద్ మియా అన్నాడని. నాకు.

అక్టోబర్ 5, శుక్రవారం

గొడవ. రేపు ఆయుధపూజ. కొడవలి, కత్తిపీట, సైకిలు, అన్నిటినీ కడిగి బొట్లు పెడతారు. జనరేటర్‌ను కూడా స్నానం చేయిస్తానంటుంది రుక్కమ్మ. వాడకట్టు గుడ్లన్నిటినీ కాపాడుతున్నది అదే కదా, దానికి స్నానం లేకుండా బొట్టు ఎలా పెడతాను అంటుంది. గుడ్డతో తుడువు, నీళ్లు పోయకు అన్నాను. మాగ్నెటో అని ఒక డబ్బా ఉంటుంది, అది నిప్పురవ్వ పుట్టిస్తేనే ఇంజను లేస్తుంది, అందులోకి చుక్క నీరు పోయినా రవ్వ పుట్టదు అన్నాను. లోపల పిల్లలు ముక్కుతో పెంకు పొడిచే రోజు, ఆ రోజా నీళ్లాట అన్నాను.

ఆమె బిక్షపతి వైపు చూసింది.

"చాంద్ మియాను అడిగిన అక్కా. మంచిగ కడుగుండ్రి, ఏం గాదన్నడు" అన్నాడు వాడు.

ఎప్పుడు అడిగావురా అన్నాను. మొన్న పోయినప్పుడే అన్నాడు. అక్క మొహంలో వెలుగు చూడటానికి వాడు ఏమైనా అంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నాను. నీకెట్ల ఎర్క అన్నాడు.

నీకెట్ల ఎర్క అన్నాడు.

లేచి బయటికొచ్చేశాను. ఉప్పల్ రోడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చాను. చెప్పులు తెగాయి.

అక్టోబర్ 6, దసరా

ఈ రోజు రాయను.

అక్టోబర్ 7, ఆదివారం

రాస్తాను.

నిన్న పొద్దున నన్ను మటన్‌కు పంపారు. పండుగనాడు కటిక దుకాణం ముందు వరుస ఎంతుంటుందో వాళ్లకు తెలుసు, అందుకే పంపారు. తిరిగొచ్చేసరికి జనరేటర్ పెళ్లికూతురులాగా ఉంది. బిందెలతో నీళ్లు పోశారు. పసుపు పూశారు. గాలి తీసుకునే జాలీకి కుంకుమ పెట్టారు. బంతిపూల దండ వేశారు. కింద మడుగులో నల్లకోడి నీళ్లు తాగుతోంది. తెచ్చిన మటన్ కింద పెట్టి షెడ్డు గడప మీద కూర్చున్నాను.

పొదుగుపెట్టెలో పిల్లలు అప్పటికే లోపల్నుంచి పొడుస్తున్నాయి. చెవి పెడితే టిక్ టిక్ వినిపిస్తుంది. భోజనాల వేళకు కరెంటు పోయింది. ఎక్కడో తీగ తెగిందన్నారు. పండుగ పూట అది రేపటిదాకా అతకదని అందరికీ తెలుసు.

బిక్షపతి తాడు లాగాడు. లాగాడు. లాగాడు. దగ్గు కూడా లేదు. చొక్కా విప్పి మళ్లీ లాగాడు. వాడకట్టు మొత్తం వచ్చి షెడ్డు ముందు నిలబడింది.

మాగ్నెటో తడిసింది, విప్పి ఆరబెడతాను, పానా ఇవ్వండి అన్నాను. పానా రుక్కమ్మ చేతిలో ఉంది. ఇవ్వలేదు.

"పూజల పెట్టినదానికి తెల్లారెదాంక పానా పెట్టరు. ఇయ్యాల దాన్ని ముట్టద్దు" అన్నది కృష్ణమ్మ.

పూజ సంగతి తర్వాత, ముందు పిల్లలు అన్నాను. రుక్కమ్మ నా మొహం చాలాసేపు చూసింది. ఇందులో ఏ తమాషా దాగి ఉందోనని వెతికినట్టు చూసింది. ఇన్నేళ్ల సంసారంలో ఆమె నన్ను అట్లా చూడని రోజు లేదు. నిన్నటిదాకా అది నాకు సరదాగానే ఉండేది.

"నువ్వు ఇప్పినంక అది మొత్తానికే లేవకపోతె? ఇవి మనొక్కరి గుడ్లు గావు. చాంద్ మియా రావాలె. ఆయన ముట్టుకుంటె ఎవ్వరేమనరు" అంది.

చాంద్ మియా రాడు అన్నాను.

"ఎందుకు రాడు?"

నోరు తెరిచాను. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. మూసేశాను. ఆ ఒక్క మాట చెబితే ఆమె పానా బావిలో పారేసినా పారేస్తుంది.

బిక్షపతిని సైకిలెక్కించి రాణిగంజ్ పంపారు. ఎక్కేటప్పుడు వాడు నన్ను చూశాడు. నేను వాణ్ని చూశాను. పోయాడు.

పెట్టె చల్లబడుతోంది. మూత మీద చెయ్యి పెట్టి రుక్కమ్మ కూర్చుంది, బిడ్డ నుదురు పట్టుకున్నట్టు. చివరికి కృష్ణమ్మే మాట్లాడింది. "మా గుడ్లు మాకియ్యి రుక్కమ్మా, ఒడిల పెట్టుకుంటం." మూత తీశారు. బొగ్గు గీతలు, కుంకుమ బొట్లు చూసుకుని ఎవరి గుడ్లు వాళ్లు తీసుకుని, పండుగ చీరల కొంగుల్లో చుట్టుకుని, పైన గొంగళ్లు కప్పుకుని వరుసగా గోడకానుకుని కూర్చున్నారు. గుర్తు లేని గుడ్లు మిగిలాయి. అవి రుక్కమ్మవి. ఆమె ఒడి చాలలేదు. ఛాయాదేవిగారు పట్టుచీర కొంగు పరిచారు. "ఇలా ఇవ్వండి. స్నానం మళ్లీ చేస్తాను" అన్నారు.

నేను ఒక్కణ్నే చేతులు ఖాళీగా నిలబడ్డాను. జోకు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చేదుగా ఉంది.

బిక్షపతి తిరిగొచ్చాడు. రాణిగంజ్ పోయి రావడానికి పట్టే కాలంలో సగం కూడా కాలేదు. పండుగ హడావిడిలో ఎవరూ లెక్క చూడలేదు. వాడి మీద చెమట చుక్క లేదు, పక్కన నిలబడితే దారి మధ్యలోని హబ్సిగూడ హోటలు ఛాయ్ వాసన వచ్చింది.

"దొరికిండా?" అని అడిగింది రుక్కమ్మ.

"దొరికిండు అక్కా." కింద చూస్తూ సైకిలు స్టాండు వేశాడు. మళ్లీ తలెత్తాడు. "బండెక్కి ఎటో పోతుండె. నిలబెట్టి అడిగిన. 'ఆగయ్య ఉండంగ నేనెందుకు? ఆ ఇంజను సంగతి నాకంటె ఆయనకే ఎర్క. ఆయన చెయ్యి పడితే లేస్తది' అన్నడు."

గోడ వెంట కూర్చున్న ఆడవాళ్లందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. రుక్కమ్మ ఒడిలో గుడ్లు కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పానా నాకు అందించింది.

దండ తీసి నల్లకోడి మీద వేశాను. కుంకుమ జాలీ విప్పి దులిపాను. మాగ్నెటో మూత తీస్తే పసుపునీళ్లు కారాయి. కొత్త పంచె చెంగు చింపి, లోపల రవ్వ పుట్టే చోట తుడిచాను. పొయ్యి పక్క వేడి బూడిద మీద మూత ఆరబెట్టాను. ప్లగ్గు విప్పి నిప్పుల్లో కాల్చాను. తాడు చుట్టాను. లాగాను, తుమ్మింది. మళ్లీ లాగాను, తుమ్మి ఆగింది. బిక్షపతి వచ్చి నా చెయ్యి మీద చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి లాగాము. లేచింది.

పెట్టెలో దీపం వెలిగింది. అప్పుడే కృష్ణమ్మ ఒడిలో గొంగడి కింద నుంచి కీచుమని వినిపించింది. ఆమె కొంగు తెరిచి చూసి, రుక్కమ్మకు చూపించింది. ఈసారి ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు.

అన్నీ బతకలేదు. చాలా బతికాయి. ఛాయాదేవిగారి కొంగులోవి దాదాపు అన్నీ బతికాయి. ఆవిడ వాటిని చూసి వెళ్లి స్నానం చేసి, మళ్లీ వచ్చి చూశారు.

అక్టోబర్ 8

పెట్టె అమ్మే మాట లేదు. రుక్కమ్మ ట్రేలు కడిగి ఎండకు పెట్టింది. దీపావళికి చాంద్ మియాకు బట్టలు పెట్టాలట. కొలతలు కనుక్కొని రమ్మంది.

అక్టోబర్ 11, గురువారం

నడిపాము. ఆపే ముందు రుక్కమ్మే స్వయంగా పెట్రోలుకు తిప్పింది. నన్ను అడగలేదు, చాంద్ మియా పేరూ ఎత్తలేదు. అలవాటైపోయింది. ఇకనుంచి ఎవరు చెప్పినా చెప్పకపోయినా గురువారం ఇంజను లేస్తుంది. దానికి నేను సంతోషపడాలి. నాకు కోపంగానే ఉంది.

ఆమె లోపలికి పోయాక బిక్షపతిని ఆపాను. చాంద్ మియా బంగారు పన్ను ఏ పక్కదిరా అని అడిగాను.

వాడు బెల్టు మీద దుమ్ము ఊది, చేతులు తుడుచుకుని, నింపాదిగా అన్నాడు. "నువ్వు ఏ పక్క పెడితె ఆ పక్కదే బావ."

ఎప్పటి నుంచి తెలుసు అని నేను అడగలేదు. రాణిగంజ్ గల్లీలన్నీ ఆ రోజు తిరిగే ఉంటాడు, సినిమాకు పోయే ముందు.

ఒక్కటి మిగిలింది. ఈ పుస్తకంలో రాసేదంతా నిజమే అని మొదట రాశాను. కొట్టివేయడం లేదు, కింద కలుపుతున్నాను. ఇక్కడ కూడా ఆయన గురించి నిజం మనిషిలాగే రాశాను. ఇంట్లో నోరు జారకుండా ఉండాలంటే రాతలో కూడా జారకూడదనుకున్నాను. రాసీ రాసీ, ఆయన పాన్ ఉమ్మే చప్పుడు నాకే వినిపించడం మొదలైంది. ఇంజను సంగతి తనకంటే నాకే తెలుసని దసరానాడు నలుగురి ముందు చెప్పిన మనిషి ఆయనొక్కడే. కొలతలు ఎవరివి ఇవ్వాలో తెలియడం లేదు. నావే ఇస్తాను.

రాణిగంజ్‌లో చాంద్ మియా అనే మేస్త్రి లేడు. పేరు, పన్ను, గురువారం, అన్నీ నేను కల్పించినవే.